బిజినెస్, లా, కళలు ఒకే పరిశోధనా కేంద్రంలో: కళాకారుడు పరిశోధకుడా, శాంపిలా?

చిత్తుప్రతి
మా యూనివర్సిటీలో బిజినెస్ స్కూలు, లా స్కూలు, కళల విభాగం కలిపి ఒక ఉమ్మడి పరిశోధనా కేంద్రం పెడతారట. ముసాయిదా పంపి, నెలాఖరులోగా అభిప్రాయాలు రాయమన్నారు. నేను రంగస్థలం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. చదివాక నాకు తోచింది సూటిగా చెప్తా: ఇలాంటి కేంద్రాల్లో లా వాళ్ళూ బిజినెస్ వాళ్ళూ పరిశోధకులు, మేం శాంపిల్.

ముసాయిదా వెనక ఓ నమూనా ప్రాజెక్టు జతచేశారు. నటీనటుల కాంట్రాక్టుల మీద. అయిదు వర్క్ ప్యాకేజీలు, అంటే పనిని విడగొట్టిన భాగాలు. మొదటిది చట్టాల సమీక్ష, రెండోది కాంట్రాక్టుల విశ్లేషణ. రెండూ లా వాళ్ళవి. మూడు, నాలుగు సర్వే, ఆదాయాల లెక్కలు, బిజినెస్ స్కూలు. ఇక అయిదోది ‘ఫలితాల ప్రచారం’. అందులో వెబ్‌సైటుకీ పాలసీ నోటుకీ మధ్యన ‘ఒక నాటక ప్రదర్శన’ అని ఇరికించారు. అంటే తేలాల్సినవన్నీ తేలిపోయాక మేం ముఖానికి రంగేసుకుని వాటిని జనానికి చెప్పాలన్నమాట. సర్వేకి జవాబులిచ్చే నటులు మాత్రం మా విభాగం నుంచే కావాలి.

ప్రశ్న వేసే దగ్గర కళాకారుడు లేకపోతే ఆ కేంద్రమే వద్దు, ఎవరి గది వాళ్ళదిగా ఉందాం అని రాద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

నోటరీబెంచీ
మీ కోపం న్యాయమే. ‘ఎవరి గది వాళ్ళది’ అన్నది మాత్రం ఒప్పుకోను. నేను లా వైపు మనిషిని, కాబట్టి ఒక కేసు చెప్తాను.

ఫొటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో గాయకుడు ప్రిన్స్ ఫొటో తీశారు. 1984లో వ్యానిటీ ఫెయిర్ పత్రిక 400 డాలర్లిచ్చి, ఒక్కసారి వాడుకునేలా లైసెన్సు తీసుకుంది. దాన్ని చూసి పేరున్న చిత్రకారుడు ఆండీ వార్హోల్ బొమ్మ వేశాడు. ఒకటితో ఆగకుండా అదే ఫొటో మీద ఇంకా చాలా చేశాడు. 2016లో ప్రిన్స్ పోయాక, వ్యానిటీ ఫెయిర్‌ని నడిపే కాండే నాస్ట్ సంస్థ వాటిలో ఒకదాన్ని ముఖచిత్రంగా వేసి వార్హోల్ ఫౌండేషన్‌కి సుమారు 10,000 డాలర్లిచ్చింది. ఫొటో తీసినామెకి పైసా రాలేదు. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో ఆమె పక్షాన తీర్పిచ్చింది.

తీర్పు లోపలికి వెళ్తే అసలు సంగతి కనిపిస్తుంది. మెజారిటీ న్యాయమూర్తులు చూసింది వ్యాపారం: ఫొటో అయినా, వార్హోల్ బొమ్మ అయినా, పత్రికకి లైసెన్సిచ్చే దగ్గర రెండూ ఒకే పనికి వస్తున్నాయి, ఒకే గిరాకీకి పోటీ పడుతున్నాయి. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ కేగన్ చూసింది కళాచరిత్ర: పాతకాలపు చిత్రకారుడు వెలాజ్‌క్వెజ్ వేసిన పోప్ చిత్రాన్ని తీసుకుని ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ ఏం చేశాడో చూడమని, పాతదాన్ని మింగకుండా కొత్తది పుట్టదని ఆమె వాదన. లైసెన్సు మార్కెట్ తెలియనివాడికి మెజారిటీ తీర్పు అర్థం కాదు. బొమ్మలు చూడ్డం రానివాడికి కేగన్ అర్థం కారు. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుంటే ఎవరికి వాళ్ళు సగం తీర్పే చదువుతారు.

చిత్తుప్రతి
ఉదాహరణ బాగుంది. కానీ అది నా మాటకే బలం. వార్హోల్ 1987లోనే పోయాడు. కేసులో కళ ఎక్కడుంది? కోర్టుకి చూపించే ఎగ్జిబిట్ నంబరుగా. దాని గురించి మాట్లాడిందంతా లాయర్లే.

నోటరీబెంచీ
గోల్డ్‌స్మిత్ బతికే ఉన్నారు కదండీ. ఆమె కళాకారిణి కాదా? ఫౌండేషనే ముందు కోర్టుకెళ్తే, ఎదురు దావా వేసి చివరిదాకా నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్‌ని కళాకారుల లెక్కలోంచి మీరే తీసేస్తే ఎలా?

లెక్కలపిచ్చి
అసలు శాంపిల్ అయితే అంత చిన్నతనమా? 1966లో విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఎకనామిస్టులు ఆర్కెస్ట్రాలవీ థియేటర్లవీ ఖర్చులు తిరగేశారు. నలుగురు వాయించే స్ట్రింగ్ క్వార్టెట్‌కి రెండు శతాబ్దాల కింద ఎందరు మనుషులు, ఎంత సేపు కావాలో ఇవాళా అంతే. ఫ్యాక్టరీలో మిషన్లు మారి మనిషికి ఉత్పత్తి పెరుగుతుంది, జీతమూ పెరుగుతుంది. వయొలిన్ వాయించేవాడు అదే పాటని సగం టైములో ముగించలేడు. కానీ బయట జీతాలు పెరిగాక అతనికీ పెంచకపోతే వాయిద్యం పక్కన పెట్టి వేరే పనికి పోతాడు. కాబట్టి టికెట్ల డబ్బుకీ ఖర్చుకీ మధ్య గండి ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఎవరి చేతగానితనమూ కాదు, ఆ పని తీరే అంత.

ఆసుపత్రి ఖర్చులు, కాలేజీ ఫీజులు ఎందుకు ఆగవో చెప్పడానికి ఇప్పుడు అందరూ వాడేది ఈ సూత్రమే. ఆ వాయిద్యగాళ్ళెవరూ పుస్తకానికి సహరచయితలు కారు. అయినా ‘ప్రభుత్వం మీకెందుకివ్వాలి’ అని అడిగినవాడి ముందు పెట్టడానికి కళాకారులకి ఓ గట్టి లెక్క దొరికింది. సర్వేకి జవాబులివ్వడంలో నామోషీ ఏముంది?

తెల్లకాగితం
లెక్కలపిచ్చి గారూ, బౌమల్‌ని మీ ఖాతాలో మాత్రమే వేసుకోకండి. ఆయన బొమ్మలు వేసేవాడు, ప్రిన్‌స్టన్‌లో చెక్క శిల్పం కూడా నేర్పాడు. కళ చేతిలో ఉన్న మనిషి వేసిన ప్రశ్న అది.

నేను చిత్రకారిణిని, నా గొడవ వేరు. ఈ చర్చలో ఇప్పటిదాకా అందరూ కళని చదివే వస్తువుగానే మాట్లాడుతున్నారు, చిత్తుప్రతి గారితో సహా. కళే పరిశోధన చేసిన సందర్భం చెప్తాను. 1971. హాన్స్ హాకే అనే కళాకారుడు న్యూయార్క్ కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఎవరైనా చూడగల రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. నగరంలోని ఒక రియల్ ఎస్టేట్ గ్రూపు పేదల పేటల్లో ఎన్ని ఇళ్ళు పట్టుకుందో, ఏ కంపెనీ పేరు నుంచి ఏ కంపెనీ పేరుకి మార్చిందో, తనఖాలు ఎవరి దగ్గర పెట్టిందో తవ్వి తీశాడు. 142 ఫొటోలు, ఒక్కోదాని కింద టైపు చేసిన కాగితం: చిరునామా, స్థలం కొలత, యజమాని పేరు, కొన్న తేదీ, పన్ను కోసం కట్టిన విలువ. పక్కన లావాదేవీల చార్టులు. వ్యాఖ్యానం లేదు, తిట్టు లేదు. దాన్ని చూపించాల్సిన గూగెన్‌హైమ్ మ్యూజియం ఆ ప్రదర్శననే రద్దు చేసింది. సమర్థించిన క్యూరేటర్‌ని ఉద్యోగంలోంచి తీసేసింది.

ఇప్పుడు చెప్పండి, అది లా పరిశోధనా, బిజినెస్ పరిశోధనా, కళా? ఆ కాగితాలన్నీ అంతకుముందూ ఆఫీసులో ఉన్నాయి. వరుసగా గోడకెక్కించి, ఒక్క చూపులో కనబడేలా చేసినప్పుడే అందరికీ మంటెత్తింది.

లెక్కలపిచ్చి
గొప్ప పనే, కాదనను. కానీ అది పరిశోధనాత్మక జర్నలిజం కదా? దానికి పీహెచ్‌డీ ఇవ్వాలంటే పరీక్షకుడు ఏం చూసి ఇవ్వాలి? నా పేపర్లో డేటా తీసుకుని ఎవరైనా మళ్ళీ లెక్క కట్టి తప్పు పట్టొచ్చు. గోడని ఎలా తప్పు పడతారు?

తెల్లకాగితం
అవే రికార్డులు అదే ఆఫీసులో చూసి తప్పు పట్టొచ్చు. హాకే పని మీ పేపరు కంటే సులభంగా సరిచూడొచ్చు.

బీటాటెస్టర్
ఫిన్లాండ్‌లో 2010లో ఇలాగే కలిపారుగా! హెల్సింకీ బిజినెస్ స్కూలు, టెక్నాలజీ యూనివర్సిటీ, ఆర్ట్ అండ్ డిజైన్ యూనివర్సిటీ కలిపి ఆల్టో యూనివర్సిటీ. బానే నడుస్తోంది. ఇంత చర్చ దేనికి?

నోటరీబెంచీ
అక్కడ లా ఫ్యాకల్టీ లేదు సార్. మూడో కుర్చీలో ఉన్నది ఇంజినీర్లు. లాయరు వచ్చి కూర్చుంటే మీటింగు ఎంత సాగుతుందో మీకింకా తెలియదు. ఇది నామీద నేనేసుకున్న జోకే.

మూడోవరస
నేను చాలాకాలం ప్రాజెక్టు ప్రపోజళ్ళు సమీక్షించే కమిటీల్లో ఉన్నాను. ఆశ మీద నీళ్ళు చల్లుతున్నానని అనుకోకండి. ఆస్ట్రేలియా రిసెర్చ్ కౌన్సిల్‌కి అయిదేళ్ళలో వచ్చిన 18,476 దరఖాస్తులు తీసుకుని ముగ్గురు పరిశోధకులు 2016లో నేచర్ పత్రికలో ఒక విశ్లేషణ వేశారు. కలిపిన రంగాల మధ్య దూరం ఎంత ఎక్కువైతే నిధులు దొరికే అవకాశం అంత తక్కువ. కారణాలు నేను కమిటీల్లో చూసినవి చెప్తా. ప్రపోజలు ముగ్గురు సమీక్షకులకి వెళ్తుంది. లా ఆయన ‘లా భాగం పల్చన’ అంటాడు, ఎకనామిస్టు ‘మోడల్ లేదు’ అంటాడు, కళల ఆయన ‘ఇందులో కళేది’ అంటాడు. ముగ్గురూ తమ వంతు వరకూ నిజమే చెప్తారు. మొత్తంగా అది బావుందని చెప్పాల్సిన నాలుగో మనిషి కమిటీలో ఉండడు.

పీహెచ్‌డీకీ అదే గతి. ముగ్గురు గైడ్లంటే ముగ్గురు పరీక్షకులని లెక్క.

బ్రిటన్‌లో యూనివర్సిటీల పరిశోధనని అంచనా వేసే 2021 రెఫ్ కసరత్తులో నాటకం, ప్రదర్శన, సంగీత రచన కూడా పరిశోధన ఫలితం కింద పంపనిచ్చారు. బాగానే ఉంది. కానీ అందులో పరిశోధన ఎక్కడుందో చెప్పుకోడానికి ఇచ్చింది 300 పదాలు. రెండేళ్ళు రిహార్సల్ చేసిన ప్రదర్శన విలువ ఆ అరపేజీ రాసే నేర్పు మీద ఆధారపడుతుంది. చిత్తుప్రతి గారూ, కేంద్రం వచ్చినా రాకపోయినా ఆ అరపేజీ రాయడం మాత్రం నేర్చుకోండి.

చిత్తుప్రతి
మూడోవరస గారూ, ఇన్ని మాటల్లో నన్ను భయపెట్టింది మీదొక్కటే. అయినా ఒకటి అడుగుతా. నిజంగా కలిస్తే నిధులు రావు, పైపైన కలిస్తే కూరలో కరివేపాకు. మరి మాకేది దారి?

తెల్లకాగితం
మీది రంగస్థలం కదా, మీకు సరిపోయేది ఒకటుంది. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో 2010లో మొదలైన ఫొరెన్సిక్ ఆర్కిటెక్చర్ బృందం. ఆర్కిటెక్టులు, ఫిల్మ్ మేకర్లు, లాయర్లు కలిసి పనిచేస్తారు. జర్మనీలోని కాసెల్‌లో 2006లో ఒక ఇంటర్నెట్ కెఫేలో హలిత్ యోజ్‌గత్ అనే యువకుణ్ణి నియో-నాజీలు కాల్చి చంపారు. ఆ సమయానికి అక్కడే ఉన్న ఒక నిఘా అధికారి ‘నాకేమీ వినపడలేదు, వెళ్తున్నప్పుడు శవమూ కనపడలేదు’ అన్నాడు. ఈ బృందం ఆ 77 చదరపు మీటర్ల కెఫేని అసలు కొలతలతో మళ్ళీ కట్టి, హత్య చుట్టూ గడిచిన 9 నిమిషాల 26 సెకన్లని మనుషులతో నడిపించి చూసింది. ఏ కుర్చీలో కూర్చుంటే చప్పుడు ఎంత వినబడుతుంది, ఆ ఎత్తు మనిషి ఆ బల్ల పక్కనుంచి నడిస్తే చూపు ఎక్కడ పడుతుంది అని. ఆ అధికారి చెప్పింది నమ్మశక్యంగా లేదని తేల్చింది. దాన్నే 2017లో డాక్యుమెంటా కళాప్రదర్శనలో చూపించారు.

సెట్టు వెయ్యడం, బ్లాకింగు (వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చడం), మనిషిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిపించడం. ఇవన్నీ మీ విద్యలు కావూ? ఎక్కడా ప్రచారానికి కాదు, సాక్ష్యాన్ని పరీక్షించడానికి వాడారు. ఆ రీఎనాక్ట్‌మెంట్ తీసేస్తే అసలు ఫలితమే లేదు.

చిత్తుప్రతి
ఇదే నాకు కావాల్సింది. మా నమూనా ప్రాజెక్టుకి వర్తిస్తుంది కూడా. నటీనటుల కాంట్రాక్టు సంతకం అయ్యే చోట ఏం జరుగుతుందో సర్వేలో తెలీదు. ‘మీరు కాంట్రాక్టు చదివారా’ అంటే అందరూ చదివామనే టిక్కు పెడతారు. నిర్మాత ఎదురుగా కూర్చుని, పక్క గదిలో ఇంకో నటుడు వేచి ఉండగా, 12 పేజీల కాగితం చేతికిచ్చి పెన్ను మూత తీసి పెడితే ఎవరు ఏ పేజీ దగ్గర ఆగుతారు? అది ఆడించి చూడాలి. ముందు ఆడించి చూస్తే సర్వే ప్రశ్నలే మారిపోతాయి. కాబట్టి ‘కేంద్రం వద్దు’ అని రాయను. ‘ప్రదర్శన అయిదో ప్యాకేజీలో కాదు, మొదటి దాంట్లో ఉండాలి’ అని రాస్తాను.

లెక్కలపిచ్చి
దీనికి నా ఓటు. నెగోషియేషన్ ప్రయోగాలు మేమూ చేస్తాం గానీ మా ల్యాబులో కూర్చునేది విద్యార్థులు. వాళ్ళకి పోయేదేమీ ఉండదు, అందుకే బేరం బాగా ఆడతారు. నిజంగా వేషం పోతుందేమోనన్న భయం ఉన్నవాళ్ళతో చేస్తే ఫలితం వేరే వస్తుందని నాకూ అనుమానమే.

నోటరీబెంచీ
రాసేటప్పుడు హక్కుల క్లాజు కూడా చూసుకోండి. పేటెంటు యూనివర్సిటీది, పుస్తకాలూ కళాకృతులూ రాసినవాళ్ళవీ చేసినవాళ్ళవీ అని చాలా యూనివర్సిటీల పాలసీలు చెప్తాయి. కానీ మినహాయింపు ఉంటుంది: ప్రత్యేకంగా నిధులిచ్చి చేయించిన పనికి ఈ ఉదారత వర్తించదు. నాటకం ప్రచారం కింద ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. మొదటి ప్యాకేజీలోకి రాగానే అది ప్రాజెక్టు ఫలితం అవుతుంది. స్పాన్సరు ఉంటే గోప్యత క్లాజూ వస్తుంది. అప్పుడు మీ నాటకాన్ని బయట ఆడాలంటే వాళ్ళ అనుమతి కావాలి. స్క్రిప్టూ రికార్డింగూ చేసినవాళ్ళవేనని, ప్రదర్శనకి అనుమతి అక్కర్లేదని ముందే రాయించుకోండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

మూడోవరస
బడ్జెట్టు కూడా. నటులు మొదటి ప్యాకేజీలో ఉన్నారంటే మొదటి నెల నుంచి జీతం పద్దు కనపడాలి. సమీక్షకుడు ముందు చూసేది ఆ పట్టికే. అక్కడ పద్దు లేకపోతే, పైన ఎంత రాసినా నమ్మడు.

చిత్తుప్రతి
వేస్తాను. ఏ రేటు వెయ్యమంటారు, రిసెర్చ్ అసిస్టెంటుదా, గెస్ట్ ఆర్టిస్టుదా? మా దగ్గర గెస్ట్ ఆర్టిస్టు రేటే ఎక్కువ.

నోటరీబెంచీ
తక్కువైనా రిసెర్చ్ అసిస్టెంటు రేటే వెయ్యండి. గెస్ట్ అని రాస్తే హక్కుల క్లాజులోనూ, పేపరు మీద పేర్లలోనూ మళ్ళీ బయటివాళ్ళే అవుతారు.