గర్భం కోసం ఏడాది ఆగాలా, ముందే పరీక్షలకు వెళ్లాలా?

వెన్నెల:
మాకు పెళ్లయి ఎనిమిది నెలలు. నా వయసు 27. నెలసరి 34 రోజులకొకసారి క్రమం తప్పకుండా వస్తుంది. 14వ రోజున అండం విడుదలవుతుందని చదివి, ప్రతి నెలా 12 నుంచి 15వ రోజు వరకు ప్రయత్నిస్తున్నాము. నెల తిరిగేసరికి పరీక్ష పట్టీ మీద ఒక్క గీతే కనిపిస్తుంది. రెండోది లీలగా ఉందేమోనని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తిప్పి తిప్పి చూస్తాను. డాక్టరు గారు ఏడాది నిండాక రమ్మన్నారు. అత్తయ్యగారు పరీక్షలన్నీ ఇప్పుడే చేయించుకోమంటున్నారు, అన్నీ నాకే. ఎవరి మాట వినాలి?

నిదానం:
డాక్టరు గారి మాటే వినండి. ఏ లోపమూ లేని యువ దంపతులకు కూడా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం సుమారు నాలుగో వంతే కాబట్టి, ఎనిమిది నెలలు గడవడం జబ్బుకు సూచన కాదు. పైగా మీ లెక్కలోనే పొరపాటు ఉంది. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు. 34 రోజుల చక్రంలో అది 20వ రోజుకు అటూ ఇటూ పడుతుంది. శుక్రకణాలు ఐదు రోజుల వరకు బతకగలవు గాని, అండం ఒక్క రోజుకు మించి నిలవదు. అంటే మీరు ప్రయత్నం ఆపేసిన రోజునే అసలు అవకాశం మొదలవుతోంది. ఇంత మాత్రానికి ఏఎంహెచ్ (అండాల నిల్వను అంచనా వేసే రక్తపరీక్ష) వంటి పరీక్షలు చేయించుకుంటే, సహజంగా గర్భం వస్తుందో రాదో ఆ అంకె చెప్పదు సరికదా, కొత్త దిగులు తెచ్చిపెడుతుంది.

మాధవి:
రోజుల లెక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను గాని, ఏడాది గడువును అందరికీ ఒకే కొలతగా చూపడం నాకు నచ్చలేదు. వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి బాగా తప్పుతున్నా, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నా, భర్తకు చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగక ఆపరేషన్ జరిగినా అసలు ఆగకూడదు. నా సంగతి చెబుతాను. రక్తపరీక్షలు, స్కానింగులు, చివరికి అండనాళాల్లోకి మందు ఎక్కించి తీసే బాధాకరమైన ఎక్స్‌రే కూడా నాకే చేశారు. అవన్నీ మామూలుగా ఉన్నాయని తేలాక గాని మావారి వీర్యం పరీక్షించలేదు. లోపం అక్కడ కనిపించింది. సంతానం ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో భర్త వైపు కారణం కూడా ఉంటుందని తెలిసి కూడా, సూది గుచ్చని ఆ తేలిక పరీక్షను చివరికి నెట్టడం ఏ విధంగా న్యాయం? వెన్నెల గారూ, పరీక్షలంటూ మొదలైతే ఇద్దరికీ ఒకేసారి మొదలవ్వాలి.

నిదానం:
ఇద్దరికీ ఒకేసారి అన్నదానికి నా అభ్యంతరం లేదు. అయితే ఆ పరీక్షనూ తొందరపడి చదవకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన ప్రమాణంలో మిల్లీలీటరు వీర్యానికి 16 మిలియన్ల శుక్రకణాలు అన్నది కింది హద్దే గాని, అంతకన్నా తగ్గితే పిల్లలు పుట్టరని అర్థం కాదు. శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. మధ్యలో గట్టి జ్వరం వచ్చినా సంఖ్య పడిపోతుంది. ఒక్క నివేదికతో మగవాడి మీద ముద్ర వేయడం, ఇంతకాలం ఆడవాళ్ల మీద వేసిన ముద్రకు విరుగుడు కాదు.

వెన్నెల:
ఈ నెల నుంచి 15వ రోజు మొదలు 21 వరకు రోజు విడిచి రోజు ప్రయత్నిస్తాము. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటికే వేసుకుంటున్నాను. మాధవి గారు రాసింది మావారికి చదివి వినిపిస్తే, మొదట "నాకెందుకు?" అన్నారు. కాసేపటికి తానే వచ్చి, పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండాలట, మరి ఆ రోజులు మన రోజుల్లో పడితే ఎలా అని అడిగారు. క్యాలెండర్ చూసి 25వ రోజుకు గుర్తు పెట్టుకున్నాము. ఆ సంగతి అత్తయ్యగారికి తానే చెబుతానన్నారు.