అప్‌డేట్: రిమాండ్‌లో ఉన్న మా తమ్ముడిని కలిశాం

తమ్ముడు రిమాండ్ ఖైదీగా సెంట్రల్ జైలుకి వెళ్ళాడని, ములాఖత్ ఎలా పెట్టుకోవాలని, లోపల ఎలా ఉంటుందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ఈ-ములాఖత్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుని, ఆధార్ కార్డు తీసుకుని వెళ్ళాం. ఫోన్లు బయటే పెట్టించారు. అమ్మ వాణ్ణి చూసి ముందు ఏడ్చింది, తర్వాత తిన్నావా అని అడిగింది. విచారణ ఖైదీ కాబట్టి సొంత బట్టలే వేసుకున్నాడు. కఠిన శిక్ష పడ్డవాళ్ళలా పని చేయాల్సిన అవసరం కూడా లేదు. కానీ ఖాళీగా కూర్చోవడమే కష్టమంటున్నాడు. సాయంత్రం చీకటి పడకముందే ఖైదీల లెక్క చూసి బ్యారక్‌కి తాళం వేస్తారు. అక్కడినుంచి తెల్లారేదాకా టెన్షనే. మేం కట్టిన డబ్బు వాడి ఖాతాలో పడింది, క్యాంటీన్‌లో సబ్బు, బిస్కెట్లు కొనుక్కుంటున్నాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. లాయరు ఫీజుకి అప్పు చేయబోతుంటే ఒకరు 15100కి ఫోన్ చేయమన్నారు. న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు ఉచితంగా లాయర్ని పెట్టారు. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆ హక్కు ఉందట, ఇది ప్రతి కుటుంబానికీ తెలియాలి. బెయిల్ రాకపోయినా, వాడికిది మొదటి కేసు, ఒకటే కేసు కాబట్టి, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిస్తే బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 479వ సెక్షన్ కింద విడుదల అడగొచ్చని ఆ లాయరు చెప్పారు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ప్రస్తుతం బెయిల్ పిటిషన్ వేశాం, జామీనుదారుల కాగితాలు సిద్ధం చేస్తున్నాం.