శ్రీనాథుడి "కోక చుట్టితి": కవి చీర కట్టాడనా? (పీరియడ్ సినిమా బట్టల కోసం అడుగుతున్నా)

అందరికీ నమస్కారం. నేను ఒక పీరియడ్ సినిమాకి కాస్ట్యూమ్స్ టీమ్‌లో చేస్తున్నానండి, హంపీ విజయనగరం ఆస్థానం సీను ఒకటి ఉంది. రిఫరెన్స్ కోసం వెతుకుతుంటే శ్రీనాథుడి చాటువు కనపడింది, "కుల్లాయుంచితిఁ గోకసుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్" అని. కుల్లాయి అంటే టోపీ అని తెలిసింది, మరి కోక అంటే చీర కదా, ఆయన చీర చుట్టుకోవడం ఏంటి? కూర్పాసం అని నిఘంటువులో చూస్తే రవిక అని ఉంది. మా టీమ్‌లో అందరూ ఇదేదో ఆడవేషం పద్యంలా ఉంది వదిలెయ్ అంటున్నారు, నాకేమో వదలబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

*

అస్సలు వదలొద్దమ్మా. ఆ ఒక్క పాదంలో రాయల కొలువులో మగవాళ్ళ డ్రెస్ తల నుంచి కింద దాకా ఉంది, అదీ చూసి రాసినవాడు కాదు, ఒంటి మీద వేసుకుని ఉక్కపోసి రాసినవాడు.

ముందు కోక సంగతి. కోక అంటే ఆడవాళ్ళ చీర అని ఇప్పుడు మనకి స్థిరపడిపోయింది కానీ పాత తెలుగులో కోక అంటే బట్ట, అంతే, ఎవరు కట్టుకున్నా కోకే. చీర కూడా అంతే కదా, రాముడు నారచీరలు కట్టి అడవికి వెళ్ళాడని చిన్నప్పటి నుంచి వింటున్నాం, ఎవరికైనా రాముడు పమిట వేసుకున్నట్టు కనపడిందా? లేదు. కూర్పాసం సంస్కృతంలో రవికే, మీరు చూసింది కరెక్టే, అందుకే కవి ముందు "మహా" తగిలించాడు. ఒంటికి పట్టిన చిన్న రవిక కాదు, పొడుగాటి అంగీ. దాన్ని ఆ కాలంలో కబాయి అనేవాళ్ళు, అరబ్బీ "కబా" నుంచి వచ్చిన మాట, కుల్లాయేమో పారశీకపు "కులాహ్". అంటే కొండవీటి రెడ్ల దగ్గర విద్యాధికారిగా ఉన్న మనిషి ప్రౌఢదేవరాయల కొలువుకి వెళ్ళేసరికి అక్కడి డ్రెస్ కోడ్ వేరు, తప్పక వేసుకున్నాడు, వేసుకున్నా దర్శనం దొరక్క చివరి పాదంలో కన్నడ రాజ్యలక్ష్మిని "తల్లీ, దయలేదా" అని అడిగాడు.

ఇది ఏదో కవి కల్పన అనుకోవద్దు. ప్రౌఢదేవరాయలు అంటే రెండో దేవరాయలు, 1424 నుంచి 1446 దాకా. ఆయన కొలువుకే 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ వచ్చాడు, రాజు జైతూనీ శాటిన్ అంగీ తొడుక్కుని మెడలో ముత్యాల హారంతో కూర్చున్నాడని రాసుకున్నాడు. జైతూన్ అంటే చైనాలో రేవు పట్టణం. అంటే రాజు ఒంటి మీద చైనా నుంచి వచ్చిన బట్ట, కుట్టు పారశీకం. ఒక తెలుగు కవి, ఒక పారశీక రాయబారి, ఇద్దరూ ఒకే రాజు కొలువు గురించి చెప్పింది ఎంత బాగా కలిసిందో చూడండి!

మన సినిమాల్లో రాయలు అనగానే బంగారు రంగు కిరీటం, బట్ట లేని ఛాతీ మీద కిలోల కొద్దీ హారాలు. అది నాటకాల నుంచి, పౌరాణికాల నుంచి వచ్చిన వేషం, చరిత్ర నుంచి వచ్చింది కాదు. నాకు నిజంగా బాధగా ఉంటుంది, కోట్లు పెట్టి సెట్లు వేస్తారు, మన భాషలోనే ఉన్న ఒక్క పద్యం ఎవరూ చదవరు.

ఇంకోటి, మీ పనికి ఇదే ముఖ్యం అనుకుంటా. పద్యంలో క్రియలు చూడండి: ఉంచితి, చుట్టితి, తొడ్గితి. తెలుగులో బట్ట ఎలాంటిదో క్రియ చెప్పేస్తుంది. కుట్టని బట్టని కడతాం, చుడతాం, కప్పుకుంటాం. కుట్టినదాంట్లోకి చేతులు దూర్చి తొడుక్కుంటాం. పంచె కడతాం, పాగా చుడతాం, శాలువా కప్పుతాం, చొక్కా తొడుక్కుంటాం. తొడ్గితి అన్నాడంటే అది టైలర్ కుట్టిన బట్ట, సందేహం లేదు. ఈ మధ్య పీరియడ్ సినిమా డైలాగుల్లో కిరీటం ధరించి, పంచె ధరించి, చెప్పులు ధరించి అని అన్నిటికీ ఒకటే మాట వాడి ఈ తేడా మొత్తం తుడిచేస్తున్నారు, మీ రైటర్ గారికి కూడా చెప్పండి.

*

మాస్టారూ, చిన్న అభ్యంతరం. ఇది శార్దూలం అనే ఛందస్సులో ఉన్న పద్యం, గణాలు కుదరడం కోసం దొరికిన క్రియ వేసి ఉంటాడు, దాన్ని పట్టుకుని టైలర్ దాకా వెళ్ళిపోవడం ఎక్కువ కాదా?

*

మంచి అభ్యంతరం అండీ, గణాలు వేసే చూద్దాం. "కుల్లాయుం" మూడు గురువులు, మగణం. అక్కడ "కుల్లాయి పెట్టితి" అంటే మూడో అక్షరం లఘువైపోయి గణం పోతుంది, కాబట్టి "ఉంచితి" ఛందస్సు కోసం అని మీరంటే ఒప్పుకుంటా. కానీ "చుట్టితి" ఉన్నచోట "కట్టితి" పెట్టినా అవే గురు లఘువులు, యతికి కూడా ఇబ్బంది లేదు, ఎందుకంటే యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం, కుల్లాయి "కు"కీ కూర్పాసం "కూ"కీ. అలాగే "దొడ్గితిన్" బదులు "గట్టితిన్" అన్నా నడుస్తుంది. రెండు చోట్లా వేరే మాటకి వీలుండి కూడా ఆయన ఒకచోట చుట్టాడు, ఒకచోట తొడిగాడు. అది ఛందస్సు చేయించిన పని కాదు.

*

ధన్యవాదాలండీ, గణాలు వేసి చూపిస్తారని ఊహించలేదు. మరి ఆ కోక ఎక్కడ చుట్టాలి, నడుముకా తలకా? మా హీరో గారికి గుండెలు కనపడాలట, ఆ సంగతి కూడా కొంచెం చెప్పండి.

*

నడుముకి అని చాలామంది చెప్తారు, తప్పనను. నా అభిప్రాయం మాత్రం తల వైపే. పద్యంలో కుల్లాయి పెట్టాక వెంటనే కోక చుట్టడం వస్తోంది, అంగీ ఆ తర్వాత. కులాహ్ అనే టోపీ మీద బట్ట చుట్టి పాగాలా పెట్టుకోవడం పారశీక పద్ధతే. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కూడా కృష్ణదేవరాయల జరీ టోపీ మీద సన్నటి పట్టు బట్ట ఉందని రాశాడు. తెల్లబట్టల మీద బంగారు గులాబీల పని, కాళ్ళకి చెప్పులు లేవు అని కూడా రాశాడు, కాబట్టి ఆ ముక్కు తిరిగిన జోళ్ళు దయచేసి తీసేయండి.

టోపీ ఆకారానికి లేపాక్షి వెళ్ళండి, వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మల్లో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, ఆయన వాళ్ళందరి తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు స్పష్టంగా ఉంటాయి. అనంతపురం వైపు కుళ్ళాయప్ప అనే పేరు ఎంతమందికో ఉంటుంది, గూగూడు కుళ్ళాయిస్వామి పేరులో ఉన్నది కూడా ఈ టోపీయే.

హీరో గారి గుండెల సంగతి అంటారా, దానికి దారి ఉంది. తిరుమలలో కృష్ణదేవరాయలవారి లోహ విగ్రహం చూడండి, ఇద్దరు దేవేరుల మధ్య చేతులు జోడించి ఉంటారు, తల మీద పొడుగు టోపీ, పై ఒంటికి మాత్రం అంగీ లేదు. దేవుడి ముందు కాబట్టి. గుడి సీను ఉంటే అక్కడ అలా చూపించండి. కొలువు సీనులో మాత్రం అంగీ తొడిగించండి, ఆ పొడుగు చేతుల్లో ఉక్కపోస్తోందని హీరో గారు అంటే అనుకోనివ్వండి, శ్రీనాథుడికీ అదే అయ్యింది.