హ్యారీ పాటర్ మీద ఇన్నేళ్లయినా తగ్గని ఈ పిచ్చి పుస్తకాలదా, మన చిన్నతనానిదా?

మగుల్_మనిషి:

తిట్టదలుచుకుంటే పూర్తిగా చదివాక తిట్టండి. నేనూ ఈ ఏడు పుస్తకాలతో పెరిగినవాణ్ణే. మొదటిది 1997లో వచ్చింది, ఆఖరిది 2007లో. ఎనిమిదో సినిమా కూడా 2011లో వచ్చి వెళ్లిపోయింది. అయినా ప్రతి సెప్టెంబర్ 1న లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో జనం పోగవుతూనే ఉన్నారు. కథలో హాగ్వార్ట్స్ అనే మాంత్రికుల బడికి రైలు కదిలేది ఆ రోజే కదా. అక్కడ గోడలోకి సగం దూరినట్టు ఒక ట్రాలీ పెట్టారు. దాన్ని పట్టుకుని ఫొటో దిగడానికి పిల్లలతో పాటు జుట్టు నెరిసినవాళ్లూ మెడకు మఫ్లర్ చుట్టుకుని క్యూ కడతారు.

ఇంకోటి వినండి. కథలో ఒక సాక్సు వల్ల బానిసత్వం నుంచి బయటపడ్డ డాబీ అనే ఎల్ఫ్‌ని పాతిపెట్టే సీన్‌ని వేల్స్‌లో ఫ్రెష్‌వాటర్ వెస్ట్ అనే బీచ్‌లో తీశారు. అభిమానులు అక్కడ ఉత్తుత్తి సమాధి కట్టేసి సాక్సులూ, పేర్లు రాసిన రాళ్లూ పెట్టి రావడం మొదలెట్టారు. చివరికి ఆ తీరాన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ 2022లో జోక్యం చేసుకుని, సమాధిని ఉండనిస్తాం గానీ సాక్సులు తేవద్దు, సముద్రంలో కలిస్తే జీవాలకు హాని అని చెప్పాల్సి వచ్చింది. సినిమాలో కంప్యూటర్‌తో చేసిన ఒక బొమ్మకి సమాధి!

ఇదంతా పుస్తకం గొప్పతనమంటే నేను నమ్మను. పదకొండేళ్లు నిండినా హాగ్వార్ట్స్‌లో చేరమని మనకు గుడ్లగూబ ఉత్తరం తేలేదన్న బెంగ ఇది. కథలో లొసుగులు చూడండి. చీపుళ్ల మీద ఎగురుతూ ఆడే క్విడిచ్‌లో స్నిచ్ అనే చిన్న బంతి పట్టుకుంటే 150 పాయింట్లు, గోల్ వేస్తే 10. మరి జట్టులో మిగతా ఆరుగురూ ఎందుకు ఆడుతున్నట్టు? మూడో పుస్తకంలో కాలాన్ని వెనక్కి తిప్పే యంత్రాన్ని ఒక స్కూలు పిల్ల మెడలో వేశారు, అదీ క్లాసులన్నీ అటెండ్ అవడానికి! తర్వాత మనుషులు వరసగా చచ్చిపోతుంటే దాని ఊసే లేదు. ఐదో పుస్తకంలో అవన్నీ పెట్టిన బీరువాని పడగొట్టించేసి రచయిత్రి జె.కె. రౌలింగ్ చేతులు దులుపుకుంది. భాష పాతచింతకాయ పచ్చడని హెరాల్డ్ బ్లూమ్ అనే అమెరికన్ విమర్శకుడు 2000లోనే ఏకిపారేశాడు. పెద్దవాళ్లు దీనికి ఇంతగా ఎందుకు పడిపోతున్నారని 2003లో నవలా రచయిత్రి ఎ.ఎస్. బయాట్ కూడా గట్టిగానే రాసింది. ప్రచురణకర్తలు పెద్దవాళ్ల కోసం వేరే అట్టలేసి అవే పుస్తకాలు అమ్మారంటే, బయట పట్టుకు తిరగడానికి జనం సిగ్గుపడ్డారనే కదా?

తొమ్మిదీ_ముప్పావు:

క్విడిచ్ లెక్క మరీ అంత అన్యాయం కాదు. నాలుగో పుస్తకంలో వరల్డ్ కప్ ఫైనల్ గుర్తుందా? స్నిచ్ పట్టింది బల్గేరియా క్రమ్. గెలిచింది మాత్రం ఐర్లండ్, 170–160. ఆ కాలం తిప్పే టైమ్ టర్నర్ విషయంలో మాత్రం మీదే పైచేయి, దాన్ని సమర్థించడం నావల్ల కాదు.

కానీ చిన్నతనం బెంగ అన్నారే, అది అంగీకరించను. నేను వీటిని ఇష్టపడేది చిన్నప్పుడు గమనించని వాటి కోసం. మొదటి పుస్తకం మొదటి అధ్యాయంలో హాగ్రిడ్ పసిబిడ్డ హ్యారీని ఎగిరే మోటార్ సైకిల్ మీద తెస్తాడు. అది ఎవరి బండి? సిరియస్ బ్లాక్ దగ్గర అరువు తెచ్చానంటాడు. ఆ మనిషి మళ్లీ కథలో కనిపించేది మూడో పుస్తకంలో.

అంతకన్నా నాకు నచ్చేది మాయం చేసే బీరువా. రెండో పుస్తకంలో బడి కాపలాదారు ఫిల్చ్ చేతిలో హ్యారీకి శిక్ష పడబోతుంటే, తల సగం తెగిన దెయ్యం నిక్, అల్లరి దెయ్యం పీవ్స్‌ని ఎగదోసి ఆ బీరువాని పైనుంచి కింద పడేయిస్తాడు. నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. ఐదో పుస్తకంలో ఫ్రెడ్, జార్జ్ కలిసి మాంటేగ్ అనే కుర్రాణ్ణి అదే బీరువాలోకి తోస్తారు. మళ్లీ నవ్వుతాం. ఆరో పుస్తకంలో హ్యారీ అంటే పడని మాల్‌ఫాయ్ ఏడాదంతా కూర్చుని దాన్నే బాగుచేస్తాడు. బయటున్న దాని జత బీరువాలో దూరి హంతకులు హాగ్వార్ట్స్‌లోకి వచ్చింది ఆ దారినే. 1998లో వేసిన జోకు 2005లో హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ ప్రాణం మీదకు వచ్చింది. సిరియస్ ఇంట్లో బూజు దులిపేటప్పుడు ఎవరికీ తెరుచుకోని బరువైన లాకెట్ ఒకటి దొరుకుతుంది, ఒక్క వాక్యం, అంతే. అది ఐదో పుస్తకం. విలన్ వోల్డెమార్ట్ తన ప్రాణం ముక్కలు దాచిన వస్తువులకి హార్‌క్రక్స్ అనే మాట మనం విన్నది ఆ తర్వాత రెండేళ్లకి.

పదేళ్ల పిల్లాడు ఇవేవీ పట్టుకోలేడు. చిన్నతనం మీద మోజే అయితే రెండోసారి చదివినప్పుడు తగ్గాలి. నాకు మాత్రం అప్పుడే పెరిగింది.

పాత_మంత్రదండం:

ఇద్దరూ ఒక పెద్ద విషయం వదిలేశారు, ఎదురుచూపు.

నాలుగో పుస్తకం 2000 జూలైలో వచ్చింది. ఐదోది 2003 జూన్‌లో. ఆ మధ్యలో మేం ఏం చేశామనుకున్నారు? ఉన్న నాలుగు పుస్తకాలనీ నమిలి మింగాం. ప్రతి వాక్యం మీదా సిద్ధాంతాలు కట్టాం. మగుల్‌నెట్ లాంటి అభిమానుల సైట్లు ఊపందుకున్నది ఆ రోజుల్లోనే, దాన్ని 1999లో మొదలెట్టింది పన్నెండేళ్ల కుర్రాడు! ఆరో పుస్తకం వచ్చిన 2005 జూలై నుంచి ఏడోది వచ్చిన 2007 జూలై దాకా ఒకే ప్రశ్న: హాగ్వార్ట్స్ టీచర్ స్నేప్ మంచోడా, చెడ్డోడా? ముక్కూమొహం తెలియనివాళ్లతో తెల్లవార్లూ కొట్టుకున్నాం. అందులో కొందరు నాకు ఇప్పటికీ స్నేహితులే. ఒకరి పెళ్లికి కూడా వెళ్లాను.

అందుకే నా లెక్కలో ఈ ప్రేమ పుస్తకాలదీ కాదు, బాల్యానిదీ కాదు. ఒకళ్ల మీద ఒకళ్లకి ఉన్న ప్రేమ. అమెరికాలో మిడిల్‌బరీ కాలేజీ పిల్లలు 2005లో చీపుళ్లు కాళ్ల మధ్య పెట్టుకుని నిజంగానే క్విడిచ్ ఆడటం మొదలెట్టారు. అది పెరిగి దేశదేశాల జట్లున్న ఆటైంది. 2022లో పేరు కూడా క్వాడ్‌బాల్ అని మార్చేసుకున్నారు. పుస్తకంతో పేరు బంధం తెంచుకుని కూడా ఆడుతూనే ఉన్నారు. దీన్ని మీ ఇద్దరి లెక్కల్లో ఎక్కడ పెడతారు?

మగుల్_మనిషి:

@పాత_మంత్రదండం, నేనంటున్నదీ అదేగా! పుస్తకంలో అంత సరుకుంటే ఆ స్నేహాలూ జ్ఞాపకాలూ ఎందుకు ఆసరా? ఇంకో మాట. ఫెంటాస్టిక్ బీస్ట్స్ సినిమాలు ఐదు తీస్తామన్నారు. 2016, 2018, 2022ల్లో మూడు వచ్చి ఆగిపోయాయి. అదే ప్రపంచం, అదే మంత్రదండాలు, కథ రాసిందీ అదే రచయిత్రి. మరి అభిమానులు ఏమైపోయారు? వాళ్లకి కావలసింది ఆ ప్రపంచం కాదు, తమ పాత రోజులు.

తొమ్మిదీ_ముప్పావు:

ఆ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది సార్. పాత రోజుల మీద గుడ్డి మమకారమే అయితే ఆ బ్రాండ్ ఏది చూపించినా జనం ఎగబడాలి కదా? బాగోలేదు, వెళ్లలేదు. అదే 2023లో హాగ్వార్ట్స్ లెగసీ గేమ్ వచ్చింది. కథ 1890ల్లో జరుగుతుంది. హ్యారీ లేడు, రాన్ లేడు, హెర్మయనీ లేదు, మనం చిన్నప్పుడు ప్రేమించినవాళ్లలో దాదాపు ఎవరూ లేరు. అయినా ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన గేముల్లో అదొకటి. ఎందుకంటే అందులో ఆ కోట ఉంది. కదిలే మెట్లున్నాయి, వంటింటి దారి ఉంది, బడి పిల్లల్ని పంచే నాలుగు హౌసుల్లో మన హౌస్ కామన్ రూమ్ ఉంది. బీస్ట్స్ సినిమాల్లో స్కూలుకి మనల్ని సరిగ్గా తీసుకెళ్లనే లేదు.

కొత్తబ్యాచ్:

ఆఖరి పుస్తకం వచ్చేనాటికి నాకు అక్షరాలు కూడా రావు. ఎదురుచూపులు తెలియవు, అర్ధరాత్రి క్యూలు తెలియవు. ఏడూ ఒకేసారి అరలో దొరికాయి, ఒక సెలవుల్లో ఊదేశాను. పెద్దవాళ్ల థియరీలు రెండూ నాకు సరిపోవట్లేదు, మరి నేనెందుకు ఇక్కడ ఉన్నాను? 😄

ఆ నాలుగు హౌసుల్లో నేను రేవెన్‌క్లా. అంతే చెప్పడానికి వచ్చాను.

పాత_మంత్రదండం:

"నేను రేవెన్‌క్లా" అన్నావు చూడు తమ్ముడూ, సగం జవాబు అక్కడే ఉంది. మిగతా కథల్లో మనం హీరోకి చప్పట్లు కొడతాం. ఇందులో హీరోతో సంబంధం లేకుండా మనకో మంచం, ఓ బల్ల, ఓ రంగు మఫ్లర్ ఇచ్చేశారు. లొసుగులున్నాయి అంటున్నారే, ఆ లొసుగుల్లోనే మనం దూరాం. రేవెన్‌క్లా పిల్లలు రోజంతా ఏం చేస్తారో పుస్తకంలో దాదాపు ఉండదు. అందుకే లక్షల కొద్దీ ఫ్యాన్ ఫిక్షన్ కథలు పుట్టాయి.

స్నేప్_వద్దు:

థ్రెడ్ బాగా సాగుతోంది, పాడుచేయడానికి వచ్చాను.

ప్రేమ ఉండొచ్చు గానీ అది కళ్లు మూసేయకూడదు. మూడో పుస్తకంలో హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్ ముందు, ఎదుటివాళ్ల భయం రూపం తాల్చే బొగ్గార్ట్‌ని వదిలితే, వాడికి లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించేది ఏ రూపంలో వచ్చింది? స్నేప్! వాడి తల్లిదండ్రులని పిచ్చివాళ్లయ్యేదాకా హింసించినవాళ్లున్నారు, వాళ్లు కాదు. క్లాసులో రోజూ చూసే టీచర్. అలాంటి మనిషి హ్యారీ తల్లి లిల్లీని మాత్రం వదిలెయ్యమని వోల్డెమార్ట్‌ని అడిగాడు, భర్తా బిడ్డా ఏమైపోయినా పర్లేదని. దానికి డంబుల్‌డోరే అసహ్యించుకున్నాడు. మనం మాత్రం సినిమాల్లో స్నేప్ వేసిన అలన్ రిక్‌మన్ గొంతు విని కరిగిపోయి ఆ మనిషిని అమర ప్రేమికుణ్ణి చేసేశాం. హ్యారీ కొడుక్కి ఆ పేరు పెట్టడం అన్నిటికన్నా అన్యాయం.

హ్యారీతో చదివే పాటిల్ అక్కచెల్లెళ్ల సంగతి ఎవరూ ఎత్తరేం? యూల్ బాల్ అనే డాన్స్ వేడుకకి తీసుకెళ్లి హ్యారీ, రాన్ వాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టేశారు, ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని ఉంటే ఆ పిల్లలు వేరేవాళ్లతో డాన్స్‌కి లేచిపోయారు. పెద్ద పండగే!

ఇంకో సంగతి. 2020లో ట్రాన్స్ మనుషుల గురించి రచయిత్రి రాసినవాటితో చాలామంది అభిమానుల మనసు విరిగింది. సినిమాల్లో హ్యారీ, హెర్మయనీ వేసిన రాడ్‌క్లిఫ్, వాట్సన్ బయటికొచ్చి ఆ మాటలతో ఏకీభవించలేదు. ఆవిడ వైపు నిలబడినవాళ్లూ ఉన్నారు. నా మటుకు నేను కొత్తగా ఏదీ కొనడం మానేశాను. ఇంట్లో ఉన్న ఏడూ మాత్రం పారేయలేదు. ఎందుకు పారేయలేదో ఈ థ్రెడ్‌లో ఎవరైనా చెబుతారని చదువుతున్నాను.

తొమ్మిదీ_ముప్పావు:

స్నేప్ మీద వేరే థ్రెడ్ తెరవండి బాబూ, ఇది మునిగిపోతుంది. (కానీ మీరన్నది నిజం. పేరు పెట్టాలంటే హాగ్రిడ్ ఉన్నాడుగా.)

అమ్మ_గుడ్లగూబ:

నేను వీటిని చిన్నప్పుడు చదవలేదు. మా పెద్దది చదువుతుంటే దాని పక్కన కూర్చుని మొదలుపెట్టాను. కాబట్టి మగుల్ గారూ, ముప్పై దాటి మొదటిసారి చదివినవాళ్లకి ఈ పిచ్చి పట్టదంటే నేను కాస్త నవ్వుకున్నాను.

బొగ్గార్ట్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మూడో పుస్తకంలో అది నవ్వులాట. స్నేప్‌కి నాయనమ్మ బట్టలు తొడిగి పిల్లలంతా పడీపడీ నవ్వుతారు. అదే బొగ్గార్ట్ ఐదో పుస్తకంలో సిరియస్ ఇంట్లో రాసుకునే బల్లలో దూరుతుంది. దాన్ని తరమడానికి రాన్ తల్లి మోలీ వీజ్లీ వెళుతుంది. నేల మీద రాన్ శవం. ఆవిడ మంత్రం వేస్తుంది, శవం పెద్దకొడుకు బిల్ అవుతుంది. మళ్లీ వేస్తుంది, భర్త. తర్వాత కవలలు. తర్వాత పెర్సీ. ఆఖరికి హ్యారీ. చేతిలో దండం వణుకుతుంది, ఏడుస్తుంది, మంత్రం పనిచేయదు. హ్యారీ పాత టీచర్ లూపిన్ వచ్చి దాన్ని పంపించాలి. ఆ వరసలో పెర్సీ ఉన్నాడు చూశారా? ఇంట్లో దెబ్బలాడి, తల్లి ఏడుస్తున్నా తిరిగి చూడకుండా వెళ్లిపోయినవాడు. వాడి శవమూ ఉంది. కడుపున పుట్టని హ్యారీది కూడా ఉంది. మా అమ్మాయి ఆ పేజీ గబగబా దాటేసింది. నేను పుస్తకం మూసి కాసేపు లేచి తిరిగాను.

అదే పుస్తకంలో సెయింట్ మంగోస్ ఆస్పత్రి. నెవిల్ తల్లి తెల్లబడ్డ జుట్టుతో, మనుషుల్ని పోల్చుకోలేని చూపుతో వచ్చి కొడుకు చేతిలో ఏదో పెడుతుంది. చూస్తే చూయింగ్ గమ్ చుట్టిన ఖాళీ కాగితం. ఇలాంటివి ఇప్పటికే ఇన్ని ఇచ్చింది, నీ గదంతా అంటించుకోవచ్చు, చెత్తబుట్టలో వెయ్యి అంటుంది నాయనమ్మ. వాడు వెయ్యడు. జేబులో పెట్టుకుంటాడు. హ్యారీ అది చూస్తాడు. అంతే, దాని మీద ఒక్క వాక్యం కూడా వ్యాఖ్యానం లేదు. సినిమాలో ఈ సీన్ లేనే లేదు.

భాష అరిగిపోయిందన్న పెద్దమనుషులు ఆ పేజీ దాకా వచ్చారో లేదో నాకు అనుమానమే. @స్నేప్_వద్దు, మీరు ఆ పుస్తకాలు ఎందుకు పారేయలేదో నేను చెప్పలేను గానీ, నేనైతే ఆ కాగితం కోసమే ఉంచుకుంటాను.

మగుల్_మనిషి:

అమ్మగారూ, ఆ కాగితం సంగతి నేను కాదనను. ఏడు పుస్తకాల్లో అలాంటి పేజీలు ఎన్నున్నాయన్నదే నా గొడవ. ఏడో పుస్తకంలో సగం దాకా ముగ్గురూ గుడారం వేసుకుని అలుగుతూ తిరుగుతారు. వాటిని మనం దాటగలిగింది అప్పటికే వాళ్లు మన వాళ్లైపోయారు కాబట్టి.

కొత్తబ్యాచ్:

అన్నా, దీనికి పరీక్ష ఒకటుంది. ఇదే కథని ఒక్కో పుస్తకానికి ఒక్కో సీజన్ చొప్పున కొత్త పిల్లలతో సిరీస్‌గా తీస్తామని 2023లో ప్రకటించారు కదా. దాన్ని చూసే చిన్నపిల్లలకి మన జ్ఞాపకాలేవీ ఉండవు. వాళ్లు మొదలుపెట్టి ఏడో సీజన్ దాకా ఆగితే మీరు ఒప్పుకోవాలి.

మగుల్_మనిషి:

కుదరదు తమ్ముడూ, అది సరైన పరీక్ష కాదు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? ఈ థ్రెడ్‌లో ఉన్నవాళ్ల చేతిలోనే. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తారు.

అమ్మ_గుడ్లగూబ:

కూర్చోబెట్టే చూశాం బాబూ. మా పెద్దది ఏడూ చదివేసి మళ్లీ మొదటికొచ్చింది. చిన్నవాడికి అదే గొంతుతో, అదే మంచం మీద చదివి వినిపిస్తే, రెండో పుస్తకంలో ఎగిరే కారు చెట్టుకి గుద్దుకునే దాకా విని, లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయాడు. ఇంతవరకూ తిరిగి రాలేదు.