ఆరెంజ్ నదిని ‘నారింజ నది’ అనొచ్చా?

ప్రశ్న: పిల్లల కోసం ఆఫ్రికా నదుల మీద ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాను. నైలు, కాంగో, నైజర్ అయిపోయాయి, దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ దగ్గర ఆగిపోయాను. ‘నారింజ నది’ అంటే వినడానికి ముచ్చటగా ఉంది, పిల్లలకి గుర్తుంటుంది కూడా. వరదొస్తే నీళ్లు ఎర్రమట్టి రంగులో పారతాయనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ ఎక్కడో చదివాను. అలా రాసేయొచ్చాండీ? వద్దంటే ఎందుకో కూడా చెప్పండి.

జవాబు: వద్దండీ. ఆ పేరుకి రంగుతో పని లేదు, పండుతో అసలే లేదు. అదొక రాజవంశం పేరు. డచ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో, కేప్ టౌన్‌లో రాబర్ట్ జేకబ్ గోర్డన్ అని ఒక సైనికాధికారి ఉండేవాడు. 1779లో ఈ నది దాకా వెళ్లి, అక్కడ జెండా ఎగరేసి, తమ దేశం నెదర్లాండ్స్‌నేలే ఆరెంజ్ ప్రభువు ఐదో విలియం వంశం పేరు పెట్టి వచ్చాడు. అంతకు ముందు డచ్చివాళ్లు దాన్ని ‘పెద్ద నది’ అనే పిలుచుకునేవాళ్లు. 1760లో యాకోబస్ కుట్సే అనే ఏనుగుల వేటగాడు దాన్ని దాటి అవతలికి వెళ్లాడు, కాబట్టి గోర్డన్ ఏమీ కొత్తగా కనిపెట్టలేదు. ఒడ్డున వేల ఏళ్లుగా మనుషులున్న నదిని ఎవరైనా ‘కనిపెట్టడం’ ఏమిటో అసలు, అది వేరే గొడవ.

ఇక ఆ వంశానికి ఆరెంజ్ అనే పేరు ఫ్రాన్సులో రోన్ నది దగ్గరున్న ఒక ఊరి నుంచి వచ్చింది. రోమన్ల కాలంలో ఆ ఊరు అరౌసియో. నోళ్లలో నలిగి నలిగి ఒరాంజ్ అయింది. పండు పేరు ప్రయాణం వేరు, అది మన వైపు నుంచే బయల్దేరింది. సంస్కృతంలో నారంగం, పర్షియన్‌లో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాంహా, ఫ్రెంచిలోకి వచ్చేసరికి మొదటి ‘న’ ఊడిపోయి ఒరాంజ్. సంస్కృతానికే ఆ మాట ద్రావిడ భాషల నుంచి వెళ్లిందని చాలామంది పండితుల అభిప్రాయం. మన నారింజ ఆ కుటుంబంలోదే. ఇలా ఊరి పేరూ పండు పేరూ ఫ్రెంచివాళ్ల నోట్లో ఒకే మాటగా తయారయ్యాయి, ఆ వంశం వాళ్లు కూడా సందు దొరికింది కదా అని ఆ రంగునే తమ రంగు చేసుకున్నారు. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ జట్టు ఇప్పటికీ వేసుకునే జెర్సీ రంగు అదే. మీరు ‘నారింజ నది’ అని రాస్తే పిల్లవాడు ఒడ్డున నారింజ తోటలు ఊహించుకుంటాడు.

ఎర్రనీళ్ల కథ ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవచ్చు. ఈ నది నిజంగానే చాలా మట్టి మోస్తుంది, వరదల్లో చిక్కటి గోధుమ రంగులో పారుతుంది. పేరు ముందే ఉంది, రంగు కళ్ల ముందు కనబడుతోంది, మనుషులు రెండూ కలిపేశారు.

మరొకరు: మరి అక్కడివాళ్లు ఏమంటారు? అది రాస్తే పోతుంది కదా.

జవాబు: రాయాలనే నా కోరిక కూడా. పుట్టేది లెసోతో కొండల్లో, 3,000 మీటర్లకు పైన. అక్కడ దాని పేరు సెంకు. కింద ఎండిపోయిన నేలల్లో బతికే ఖోయ్ జనం గరీబ్ అంటారు, తెల్లవాళ్ల నోట్లో అది గరీప్ అయింది. మాటకు అర్థం ‘నది’ అనే, ఇంకేం లేదు. చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర ఏడాది పొడుగునా నీళ్లుండే ఏరు అదొక్కటే అయినప్పుడు దానికి విడిగా పేరెందుకు? మన పల్లెల్లో గోదావరి ఒడ్డున కూడా ‘ఏటికెళ్లొస్తా’ అంటారు తప్ప గోదావరికి అనరు చాలాచోట్ల.

అచ్చులో చూస్తే ఆ మాట ముందు ఒక ఆశ్చర్యార్థకం ఉంటుంది. అచ్చు తప్పు అనుకుని తీసేయకండి, అది ఒక హల్లు. నాలుక కొసని పైకి అంగిట్లో అంటించి టక్కున లాగితే వచ్చే చప్పుడు, దాదాపు మనం లొట్ట వేసినప్పటి చప్పుడే. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి గరీప్ అని రాసి ఊరుకోవడమే. హైదరాబాదు చెవికి గరీబ్ అంటే వేరే అర్థం తోస్తుంది, ప్చ్, అందుకని కూడా గరీప్ అనే రాయండి.

పేర్ల రాజకీయం కూడా ఉంది. నది మీది అతి పెద్ద డ్యామ్‌కి 1970ల మొదట్లో హెండ్రిక్ వెర్వూర్డ్ పేరు పెట్టారు, అపార్థైడ్ (జాతి వివక్ష) చట్టాలకు రూపం ఇచ్చిన ప్రధానమంత్రి ఆయనే. 1996లో ఆ పేరు తీసేసి గరీప్ డ్యామ్ అన్నారు. ఆ జలాశయం నుంచి సుమారు 83 కిలోమీటర్ల సొరంగం తవ్వి దక్షిణాన ఫిష్ నది లోయకు నీళ్లు మళ్లించారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. నది గురించి ఒక పేజీ రాయాలి. వజ్రాలు తప్ప ఇంకేమైనా చెప్పుకోదగ్గవి ఉన్నాయా?

జవాబు: వజ్రాలు వదిలేయకండి, తెలుగు పిల్లలకి చెప్పాల్సిందే అది. 1867లో ఈ నదికి దగ్గర్లో హోప్‌టౌన్ అనే ఊరి దగ్గర ఒక కుర్రాడికి దొరికిన మెరుపు రాయి 21 క్యారెట్ల పైచిలుకు వజ్రమని తేలింది, దాంతోనే దక్షిణాఫ్రికా వజ్రాల కథ మొదలు. రెండేళ్లకు గ్రీక్వా అనే స్థానిక తెగకు చెందిన ఒక గొర్రెల కాపరికి 83 క్యారెట్లది దొరికింది. వజ్రాలు పుట్టేది భూమి లోతుల్లో, అగ్నిశిల గొట్టాల్లో పైకొస్తాయి, ఆ శిల అరిగిపోతే వాగులు, ఏళ్లు మోసుకుపోతాయి. ఆరెంజ్ కొన్ని కోట్ల ఏళ్లపాటు అలా అట్లాంటిక్ దాకా మోసింది. దారిలో పగుళ్లున్న రాళ్లు పగిలిపోయి గట్టివే మిగిలాయి. ఆపైన నైరుతి నుంచి కొట్టే అలలు వాటిని ఒడ్డు వెంబడి ఉత్తరానికి, అంటే నమీబియా వైపుకి, నెట్టేశాయి. 1908లో లూడెరిట్జ్ దగ్గర రైలు పట్టాల మీద ఇసుక ఎత్తుతున్న జకరియాస్ లెవాలా అనే కూలీకి వజ్రం దొరికింది అందుకే. కృష్ణ ఒడ్డున కొల్లూరులో మనవాళ్లు వజ్రాలు ఏరింది కూడా ఏటి కంకరలోనే, ఆ ఒక్క వాక్యం కలిపితే పిల్లలకి ఇట్టే పట్టుబడుతుంది.

ఆ వజ్రాల ఇసుకలోనే, నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఓరాన్యెముండ్ అనే ఊరి దగ్గర, 2008లో ఒక పోర్చుగీసు ఓడ బయటపడింది. 1533లో లిస్బన్ నుంచి ఇండియాకి బయల్దేరిన బోమ్ జెజూస్ అదేనని పరిశోధకుల అంచనా. రెండు వేలకు పైగా బంగారు నాణేలు, రాగి దిమ్మలు, ఏనుగు దంతాలు దొరికాయి.

లాభం ఎవరికి పోయిందో కూడా రాయండి. దిగువన రిఖ్టర్స్‌వెల్ట్‌లో నామా జనం ఇప్పటికీ మేకలు, గొర్రెలతో రుతువుని బట్టి మకాం మారుస్తారు. వజ్రాల కోసం వాళ్ల భూమి లాక్కుంటే కోర్టుకెళ్లారు. 2003లో రాజ్యాంగ న్యాయస్థానం భూమి మీదే కాదు, అందులోని ఖనిజాల మీద కూడా హక్కు వాళ్లదేనంది. 2007లో ఆ ప్రాంతం యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

మరొకరు: ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అన్నది ఈ నది పేరేనా?

జవాబు: ఈ నది పేరే. 1854లో బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి రైతులు, పెట్టుకున్న రిపబ్లిక్ అది. తెలుగువాళ్లకి ఆ పేరుతో ఒక చేదు సంబంధం ఉంది. 1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటల కూలీలుగా దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని నాటాల్ వెళ్లినవాళ్లలో మనవాళ్లు చాలామంది. ఫ్రీ స్టేట్ 1891లో చట్టం చేసి భారతీయులెవరూ అక్కడ కాపురం ఉండకూడదంది. ఆ రిపబ్లిక్ పోయినా నిషేధం మాత్రం 1980ల దాకా పోలేదు. ఇప్పుడా రాష్ట్రం పేరు ఉట్టి ఫ్రీ స్టేట్, ఆరెంజ్ కొట్టేశారు.

మరొకరు: ఆరెంజ్ అన్న పేరు అంత ఇష్టం లేనిదైతే మనం గరీప్ నది అనేస్తే సరి.

జవాబు: మనసుకి నచ్చుతుంది గానీ పిల్లవాడు అట్లాస్ తీస్తే గరీప్ దొరకదు, అక్కడి సర్కారు లెక్కల్లో కూడా ఇంకా ఆరెంజ్ అనే ఉంది. అందుకని శీర్షికలో ‘ఆరెంజ్ నది’, మొదటి వాక్యంలోనే ‘అక్కడి ఖోయ్ జనం గరీప్ అంటారు, లెసోతోలో సెంకు’ అని పెట్టండి. ఇంకొకటి, మ్యాప్ గీసేవారికి ముందే చెప్పండి: కింది భాగంలో ఈ నదే దక్షిణాఫ్రికాకీ నమీబియాకీ సరిహద్దు, కానీ గీత ఎక్కడ అన్నది తేలలేదు. 1890లో బ్రిటన్, జర్మనీ చేసుకున్న ఒప్పందం ప్రకారం సరిహద్దు ఉత్తరపు ఒడ్డు, నమీబియా రాజ్యాంగం ప్రకారం నది నడిమధ్య. చిన్న మ్యాప్‌లో నీలం గీత మీదే చుక్కలు పెట్టేస్తే సరిపోతుంది.