వరి, జొన్న ఎప్పుడు వేరుపడ్డాయి? పిస్దూర పేడ రాళ్ల సాక్ష్యం నమ్మొచ్చా?

నల్లరేగడి:
ఆదిలాబాద్ దాటితే వచ్చే చంద్రపూర్ జిల్లాలో పిస్దూర అనే ఊరుంది. అక్కడ డైనోసార్ల కాలం నాటి పేడ రాయిగా మారి దొరుకుతుంది. వందనా ప్రసాద్, కరోలిన్ స్ట్రోంబెర్గ్, అశోక్ సాహ్ని వాళ్లు ఆ రాళ్లలో గడ్డి ఆనవాళ్లు కనిపెట్టి 2005లో ప్రకటించారు. ఒక రకం కాదు, కనీసం ఐదు రకాలు. వయసు 6.5 కోట్ల ఏళ్ల పైమాటే. అంతకుముందు గట్టిగా చెప్పగలిగిన గడ్డి శిలాజాలు సుమారు 5.5 కోట్ల ఏళ్ల దగ్గర ఆగిపోయేవి. అంటే డైనోసార్లు పోయాకే గడ్డి విస్తరించిందని అనుకునేవారు. 2011లో వచ్చిన ఇంకో పరిశోధన, ఈ ఆనవాళ్లలో కొన్ని వరి తెగకే, అంటే వరి, దాని దగ్గరి చుట్టాలైన గడ్డుల గుంపుకే, చెందుతాయని కూడా చెప్పింది.

నేను దీన్ని నమ్ముతున్నాను. కానీ జన్యువుల్లోని తేడాలు చూసి వంశాలు ఎప్పుడు విడిపోయాయో లెక్కలు వేసేవాళ్లలో చాలామంది ఈ సాక్ష్యాన్ని పక్కన పెడుతున్నారు. అది న్యాయమేనా?

మంజీర:
న్యాయమా కాదా అని కాదు నల్లరేగడి గారూ, అక్కడ దొరికింది ఏమిటో చూడాలి. పువ్వు లేదు, కంకి లేదు, గింజ లేదు. దొరికినవి ఫైటోలిత్‌లు, అంటే ఆకు కణాల్లో పేరుకున్న సిలికా రేణువులు. డంబెల్ ఆకారంలో ఉండే రేణువు వరిలో ఉంటుంది, జొన్నలో ఉంటుంది, దగ్గరి చుట్టరికం లేని ఇంకొన్ని గడ్డుల్లోనూ ఉంటుంది. ఆకారం ఒకటే అయినంత మాత్రాన వంశం ఒకటే అవుతుందా? పైగా రేణువు మైక్రాన్లలో ఉండే వస్తువు. నేటి మట్టిలోంచి రాయి పగుళ్లలోకి దిగదని ఎలా చెప్పగలం?

కొడవలి:
నేను శాస్త్రవేత్తను కాను, వరి పండిస్తాను. కోతల రోజుల్లో వరాకు అంచు తగిలి ముంజేతుల మీద సన్నటి గీతలు పడతాయి, చెమట తగిలితే భగ్గుమంటాయి. ఆ కోసేది ఈ సిలికానే. ఊక కాలిస్తే మిగిలే బూడిదలో ఎక్కువ భాగం అదే. ఆకు కుళ్లిపోయినా, పశువు తిని పేడ వేసినా అది అరగదు, కరగదు. అందుకే రాయిలో మిగిలింది అంటే నాకు వింతగా అనిపించలేదు.

నల్లరేగడి:
కొడవలి అన్నా, సరిగ్గా చెప్పావు. మంజీర గారూ, విడి రేణువుల గురించి మీ అనుమానం సబబే. కానీ 2011 నాటి నమూనాల్లో ఆకు పైపొర ముక్కలు కూడా ఉన్నాయి. వాటిలో రేణువులు వరుసలో, వాటి చోటులోనే కూర్చుని ఉన్నాయి. వరి తెగలో డంబెల్ ఆకు పొడవుకు అడ్డంగా ఉంటుంది, జొన్న వైపు గడ్డుల్లో నిలువుగా ఉంటుంది. ఈ అమరిక పగుళ్లలోకి దిగిన మట్టితో వచ్చేది కాదు.

సాక్ష్యం ఒక్క పిస్దూరతో ఆగలేదు కూడా. చైనాలో ఈక్విజూబస్ అనే డైనోసార్ పళ్ల దగ్గర గడ్డి ఫైటోలిత్‌లు, పైపొర ముక్కలు దొరికాయని 2018లో వచ్చింది. దాని వయసు 10 కోట్ల ఏళ్ల పైనే.

జీనోమ్_పిచ్చి:
ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేయకండి. గడ్డి కుటుంబానికి ఇప్పుడు రెండు పెద్ద కొమ్మలు: వరి, గోధుమ, వెదురు ఒకవైపు, జొన్న, మొక్కజొన్న, సజ్జ, రాగి ఇంకోవైపు. ఈ కొమ్మలు విడిపోక ముందే మొత్తం జీనోమ్, అంటే మొక్క కణంలోని జన్యువుల పూర్తి కట్ట, ఒకసారి రెట్టింపైంది. ఆ జంట ముక్కలు వరిలోనూ జొన్నలోనూ ఇవాళ్టికీ కనిపిస్తాయి. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అనేది జన్యువులు చెప్తాయి. ఎన్నేళ్ల కిందట అనేది మాత్రం వాటంతట అవి చెప్పలేవు. గడియారానికి ముల్లు పెట్టేది శిలాజమే.

2014లో క్రిస్టిన్, ఆయన తోటివారు రెండు లెక్కలూ వేసి చూశారు. ఫైటోలిత్‌లు వదిలేస్తే రెండు కొమ్మలు విడిపోయింది 5 కోట్ల ఏళ్ల పైచిలుకు. కలుపుకుంటే 7.5 నుంచి 8 కోట్ల ఏళ్లు. ఇది చిన్న తేడా కాదు! మొదటి లెక్క ప్రకారం జొన్న, మొక్కజొన్నల్లో ఉండే సీ4 కిరణజన్య సంయోగక్రియ (కార్బన్ డయాక్సైడ్ తక్కువున్నా బాగా పనిచేసే పద్ధతి) పుట్టిన సమయం, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిన కాలానికి, అంటే సుమారు 3 కోట్ల ఏళ్ల కిందటికి సరిపోతుంది. రెండో లెక్కలో అది ఇంకా పాత కాలానికి వెళ్లిపోయి ఆ పొంతన చెడుతుంది. అందుకే చాలామందికి ఫైటోలిత్‌లంటే టెన్షన్.

నల్లరేగడి:
అంటే మన వివరణ అందంగా కుదరడం లేదని రాయిని తోసేస్తామా? అది నాకు మింగుడుపడదు.

సజ్జకంకి:
ఒక చిన్న సందేహం. వరి తెగ శిలాజం మన దగ్గర దొరికిందంటే వరి మన దేశంలోనే పుట్టిందన్నమాటేనా? వాట్సాప్‌లో అలాగే తిరుగుతోంది.

జీనోమ్_పిచ్చి:
కాదండీ. తెగ వేరు, పంట వేరు. ఆ తెగలో అడవి గడ్డులు చాలా ఉన్నాయి. మనం తినే వరిని మనిషి సాగులోకి తెచ్చింది గత పదివేల ఏళ్లలోపే, చైనాలోని యాంగ్జీ లోయలో దానికి బలమైన ఆధారాలున్నాయి. పిస్దూర రాయికీ, మన అన్నం పళ్లేనికీ మధ్య 6 కోట్ల ఏళ్లకు పైగా దూరం ఉంది.

కొడవలి:
ఎద్దు కొనేటప్పుడు పళ్లు చూసి వయసు చెప్తాం, గడ్డి నమిలి నమిలి అరుగుతాయి కాబట్టి. ఆ కాలం జంతువుల పళ్లేమైనా దొరికాయా?

నల్లరేగడి:
దొరికాయి అన్నా, మన దగ్గరే! వికారాబాద్ జిల్లా నస్కల్‌లో డెక్కన్ లావా పొరల మధ్య, గోండ్వనాథీర్ అనే చిన్న క్షీరదం పన్ను దొరికింది. పొడవాటి పన్ను, ఎంత అరిగినా ఇంకా మిగిలేంత. దాన్ని ప్రపంచానికి చెప్పింది 1997లో. పిస్దూర పరిశోధకులు 2005లో, ఈ జంతువులు గడ్డి మేసి ఉండొచ్చని రాశారు.

మంజీర:
ఉండొచ్చు అన్నారు, తిన్నాయి అనలేదు. మట్టి తవ్వే జంతువు పళ్లు ఇసుకతో కూడా అలాగే అరుగుతాయి. అయితే పైపొర ముక్కల గురించి నేను వెనక్కి తగ్గుతున్నాను. 6.5 కోట్ల ఏళ్ల కిందట గడ్డి ఉందని, అది కొమ్మలుగా చీలడం మొదలైందని ఒప్పుకుంటాను. వరి తెగ అన్న పేరు మాత్రం ఒక్క కంకి దొరికేదాకా ఒప్పుకోను. ఆ డెక్కన్ పొరల్లో పూలు, కాయలు చెకుముకి రాయిగా మారి చక్కగా నిలిచి ఉన్న చోట్లున్నాయి కాబట్టి, వెతకాల్సిందీ అక్కడే.