అంపైరింగ్‌ల దెబ్బలు తాకుతున్నయి, మీరు ఎక్కడ నిలవడుతరు?

హన్మకొండ పీఈటీ:
అన్నలూ, సెలవులల్ల ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్ల లెదర్ బాల్ టోర్నమెంట్లకు అంపైరింగ్ చేస్త. మొన్న ఒక పోరడు సీదా నా మీదికే కొట్టిండు, జరిగే టైమే లేదు, ఎడమ చేతికి మోచేయి కింద తాకింది, బొక్క ఇరగలే గని బాల్ కుట్లు అచ్చు గుద్దినట్టు తోలు మీద పడ్డయి. స్టంప్స్‌కు దగ్గర నిలవడితే ఎడ్జ్ మంచిగ ఇనవడ్తది, ఎనకకు పోతె భయం తక్కువ. మీరెట్ల చేస్తరు? హెల్మెట్ పెట్టుకుంటే నవ్వుతరేమో అనిపిస్తది.

కాజీపేట పాత అంపైర్:
నవ్వెటోళ్లను నవ్వనియ్ తమ్మీ. 2015ల తమిళనాడు దిండిగల్‌ల రంజీ మ్యాచ్‌కు వచ్చిన ఆస్ట్రేలియా అంపైర్ జాన్ వార్డ్‌కు తలకు తాకింది, తర్వాత నెలల్నే కాన్‌బెర్రా వన్డేకు హెల్మెట్ తోని దిగిండు. ఇంకో ఆస్ట్రేలియా అంపైర్ ఆక్సెన్‌ఫర్డ్ అయితె చేతికి షీల్డే పట్టుకున్నడు. నేనైతె రెండడుగులు ఎనకనే ఉంట, అట్లైతె గీత, బ్యాటింగ్ చేసెటోడు ఒక్క చూపుల్నే దొరుకుతరు, నెత్తి ఎక్కువ లేపుడు ఉండది. బౌలర్ పాదం చూసి కన్ను పైకి తెచ్చేలోపల్నే దెబ్బలు తాకేది. ఇంకోటి, మోకాళ్ల మీద చేతులు ఆనిచ్చి వంగకు, పక్కకు జరుగుడు కాదు.

లెగ్ సైడ్:
రెండో అంపైర్ పక్కకు నిలవడె స్క్వేర్ లెగ్‌ల సేఫ్ అనుకునేరు, 2016 ముంబై టెస్ట్‌ల అంపైర్ పాల్ రైఫల్‌కు భువనేశ్వర్ కుమార్ ఇసిరిన త్రో తల ఎనక తాకి పడిపోయిండు, థర్డ్ అంపైర్ ఎరాస్మస్ గ్రౌండ్లకు రావాల్సొచ్చింది. ఫీల్డర్‌కు ఈపు తిప్పుడే డేంజర్.

కబడ్డీ సార్, జనగామ:
మా కత వేరె. కబడ్డీల బాల్ లేదు గని మనుషులే వచ్చి పడ్తరు. 30 సెకండ్ల రెయిడ్‌ల రెయిడర్ తోని గీతెంబడి ఉరుకుతరు కొందరు అంపైర్లు, మ్యాట్ అంచుకు కాలు పడి మడిమె బెణికేది వాళ్లకే. నేను ఒక్కదగ్గర నిలవడి మెడ తిప్పి చూస్త, బోనస్ గీత కాడ రెండడుగులు ఏస్తె సాలు. ఊర్లల్లనైతె జనం గీత మీదనే కూసుంటరు, ఎనకకు పోదామంటె జాగనే ఉండది, వాళ్లను జరిపియ్యనిదే నేను విజిల్ ఊద, సర్పంచ్ సాబ్ చెప్పినా అంతే.

హన్మకొండ పీఈటీ:
హెల్మెట్ సంగతి ఆలోచిస్త సార్. ఇంట్ల బ్యాటింగ్ ఆర్మ్ గార్డ్ ఒకటి పాతది ఉన్నది, నడుస్తదా?

కాజీపేట పాత అంపైర్:
మంచిగ నడుస్తది. కుడిచేతిల బాల్స్ లెక్కవెట్టె కౌంటర్ ఉంటది కద, ఎడమ చేతికే కట్టుకో, బాల్ వస్తె అదే అడ్డం లేస్తది.